నలభై కిలోమీటర్ల అడవి దారి: ఒక్కరు నడవడానికి ఎన్ని చేతులు కావాలి?

శివరాత్రికీ ఉగాదికీ ముందు కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు పోయే రోడ్డు మీద నడిచేవాళ్ల వరస తెగదు. భుజాన సంచి, తలకు తువ్వాల, కొందరి చేతుల్లో నందికోళ్లు, కొందరి కాళ్ల కింద చెక్కతో చేసిన పొడుగు మరగాళ్లు. ఆ చుట్టుపక్కల ఉన్న పగిడ్యాల మండలం వాళ్లకు ఇది ఏటా కనిపించేదే. వీళ్లలో చాలామంది బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి శ్రీశైలం మల్లన్న దగ్గరికి కాలినడకన వస్తున్న కన్నడ భక్తులు.

కొండల్లో, అడవి బాటల్లో వంద కిలోమీటర్లు, వంద మైళ్లు పరుగెత్తే ఆట ఒకటి ప్రపంచమంతా పెరుగుతోంది. దాన్ని ట్రెయిల్ అల్ట్రా పరుగు అంటారు. ట్రెయిల్ అంటే తారు లేని కాలిబాట. అల్ట్రా అంటే మారథాన్‌ను మించిన దూరం. ఆ పాదయాత్రనూ ఈ పరుగునూ పక్కపక్కన పెట్టి అంకెలతో చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇంత దూరం కాళ్ల బలంతో మాత్రమే ఎవరూ వెళ్లరు. దారి పొడుగునా నిలబడే మనుషులే వెళ్లనిస్తారు. వాళ్లు ఎంతమంది, ఏం చేస్తారు, వాళ్లు లేకపోతే ఏమవుతుందన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

అల్ట్రా అంటే ఎంత దూరం?

మారథాన్ 42.195 కిలోమీటర్లు. అంతకన్నా ఎంత ఎక్కువైనా అల్ట్రాయే. మామూలుగా 50 కిలోమీటర్లు, 80 కిలోమీటర్లు (అంటే 50 మైళ్లు), 100 కిలోమీటర్లు, 161 కిలోమీటర్లు (అంటే 100 మైళ్లు) అనే మెట్లుంటాయి. వంద మైళ్లంటే కర్నూలు నుంచి రోడ్డు మీద శ్రీశైలం వెళ్లే దూరం కన్నా కాస్త తక్కువ. బస్సులో నాలుగైదు గంటలు కూర్చుంటేనే నడుం పట్టేసే దూరమది.

దూరం ఒక్కటే చూస్తే సగమే తెలిసినట్టు. ఎక్కుడు రెండో సగం. అందుకే ఈ పరుగుల్లో ఒక సులువైన లెక్క వాడతారు. వంద మీటర్ల ఎత్తు ఎక్కితే చదును నేల మీద ఇంకో కిలోమీటరు పోయినట్టు లెక్క. ఫ్రాన్స్‌లోని షామొనీ ఊళ్లో మొదలై ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా మోంట్ బ్లాంక్ పర్వతాన్ని చుట్టివచ్చే పరుగు ఈ ఆటలో పెద్ద తిరునాళ్ల లాంటిది. దాని దూరం సుమారు 170 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు దాదాపు 10,000 మీటర్లు. పై లెక్కలో అది 270 కిలోమీటర్లతో సమానం. అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. ఆ ఎక్కుడు ఇంచుమించు 700 మీటర్లు అనుకుంటే, ఈ పరుగులో తిరుమల కొండను 14 సార్లు ఎక్కినట్టు.

అంత దూరం మామూలు మనుషుల వల్ల అవుతుందా?

మొదట వచ్చే అనుమానం ఇదే. జవాబు గడువులో ఉంది. మోంట్ బ్లాంక్ పరుగుకు ఇచ్చే గడువు 46 గంటల 30 నిమిషాలు. 170ని 46.5తో భాగించండి. గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా రాదు. సంతకు పోయే మనిషి నడక కన్నా నెమ్మది. ఈ పరుగుల్లో ముందుండే కొద్దిమందిని మినహాయిస్తే మిగతావాళ్లు ఎక్కుళ్లన్నీ నడుస్తారు. చదునులోనూ దిగుడులోనూ వీలైనంత పరుగెత్తుతారు.

కష్టం వేగంలో ఉండదు, ఆగకపోవడంలో ఉంటుంది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు, కొందరికి రెండో రాత్రి కూడా. 2003లో ఈ పరుగు తొలిసారి జరిగినప్పుడు 722 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చినవాళ్లు 67 మందే. అంటే పదకొండు మందిలో ఒక్కరు. ఆ ఏడు గెలిచినవాడు నేపాల్‌లో పుట్టిన దావా షెర్పా.

ఇది కుర్రవాళ్ల ఆట అనుకుంటే పొరపాటు. నలభై దాటినవాళ్లు చాలామంది కనిపిస్తారు, అరవై దాటినవాళ్లూ ఉంటారు. ఉరుకు వయసుతో తగ్గినా ఓర్పు అంత త్వరగా తగ్గదు. ఆకలి, నిద్ర, నొప్పి ఎప్పుడు ఎలా వస్తాయో ఎరిగినవాళ్లు తమ బలాన్ని పొదుపుగా వాడుకుంటారు.

మన దేశంలోనూ ఈ ఆట వేళ్లూనుకుంది. కర్ణాటకలో చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో మల్నాడ్ అల్ట్రా జరుగుతుంది. లడఖ్‌లో ఖర్దుంగ్ లా కనుమ మీదుగా 72 కిలోమీటర్ల పరుగు ఉంది. హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2007 నుంచి తెలుగువాళ్లకు దూరపు పరుగును అలవాటు చేస్తూ వస్తోంది.

మన నల్లమల దారి లెక్క ఏమిటి?

ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి దోర్నాల మీదుగా రోడ్డున పోతే వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిలో పాత కాలిబాట పట్టుకుంటే సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటి, దామర్లకుంట, పెద్దచెరువు (వాడుకలో పెచ్చెరువు), మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం, ఆ పైన శ్రీశైలం. మొత్తం ఏడు మజిలీలు. 40ని ఏడుతో భాగిస్తే మజిలీకి సగటున ఆరు కిలోమీటర్ల లోపే.

ఈ పేర్లలో కుంట, చెరువు, బావి, కొలను ఉన్నాయి. దారి వేసినవాళ్లు ముందు నీళ్లెక్కడున్నాయో చూసి, దాన్నిబట్టి మజిలీ పెట్టారు. కొండల్లో పరుగులు నడిపేవాళ్లు ఈనాడు ఎనిమిది పది కిలోమీటర్లకు ఒక నీళ్ల శిబిరం పెడతారు. నల్లమల బాట ఆ పని వందల ఏళ్ల కిందటే చేసింది.

దారి ఎంత పాతదంటే, పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి రాజ్యం స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతున్నాయి. పన్నెండో శతాబ్దంలో శివభక్తురాలు అక్క మహాదేవి కన్నడ దేశం నుంచి నడిచి ఈ కొండకే చేరింది. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారిలో ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగానే శ్రీశైలం వెళ్లి, ఆ మజిలీలను తన కాశీయాత్ర చరిత్రలో రాసిపెట్టాడు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా నడిచేవాళ్లు ఆ పేర్లే చెప్పుకుంటున్నారు.

40 కిలోమీటర్లంటే ఎన్ని అడుగులు, ఎన్ని గంటలు?

సగటు మనిషి ఒక్కో అడుగులో 70 సెంటీమీటర్లు ముందుకు పోతాడనుకుందాం. 40 కిలోమీటర్లకు దాదాపు 57,000 అడుగులు. రోజుకు పదివేల అడుగులు నడవాలని ఫోన్లో చూసుకుని మురిసేవాళ్లకు ఇది ఆరు రోజుల నడక.

గంటల లెక్కకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మన దారిలో ఎక్కుళ్లన్నీ కలిపి 600 మీటర్లు అనుకుంటే ఎనిమిదికి ఒకటి కలిపి తొమ్మిది గంటలు. ఇది ఒంట్లో సత్తువ ఉన్న మనిషి ఎక్కడా ఆగకుండా నడిస్తే. రాళ్లు, ఎండ, భోజనం, పిల్లలు, పెద్దలు కలిస్తే పన్నెండు గంటలు దాటుతుంది. అందుకే ఎక్కువమంది మధ్యలో ఒక రాత్రి మజిలీ చేసి రెండో రోజు కొండ చేరతారు.

కన్నడ భక్తుల లెక్క ఇంకా పెద్దది. విజయపుర నుంచి రాయచూరు, కర్నూలు మీదుగా శ్రీశైలం 400 కిలోమీటర్లకు పైమాటే. రోజుకు 35 కిలోమీటర్లు నడిచినా పన్నెండు రోజులు. ప్రపంచంలో పేరున్న అల్ట్రా పరుగులు చాలావాటికి ఇది రెండింతలు దాటిన దూరం. మల్లన్న దేవేరి భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి, పండగకు ఆమెకు చీర, సారె తెచ్చేవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. ఆ నడక ఎంతటిదో తెలుసుకోవడానికి మనకు కావాలి.

భక్తికీ పందేనికీ పోలికేమిటి?

ఈ ప్రశ్న అడగవలసిందే. రెండూ ఒకటి కావు. పరుగులో గడియారం ఉంటుంది, రుసుము ఉంటుంది, ఛాతీ మీద అంకె ఉంటుంది. పాదయాత్రలో మొక్కు ఉంటుంది, ఎవరు ముందొచ్చారన్న మాట ఉండదు. ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేస్తే రెండింటికీ అన్యాయం చేసినట్టే.

అయితే ఒంటికి ఆ తేడా తెలియదు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేయడం, పాదాలు బొబ్బలెక్కడం, దాహం, నిద్ర, ఇక చాలనిపించే నీరసం ఇద్దరికీ ఒకే తీరుగా వస్తాయి. దాంతోపాటు ఇద్దరికీ ఒకే అవసరం పుడుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక గ్లాసు నీళ్లిచ్చి, ఇంకెంతో దూరం లేదని చెప్పాలి. ఈ కథనం చూసేది ఆ అవసరాన్నే.

తిండి ఎంత కావాలి?

పరుగుకు ఒక మోటు లెక్క ఉంది. మనిషి బరువులో ప్రతి కిలోకు, ప్రతి కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. (కేలరీ అంటే తిండి ఇచ్చే శక్తిని కొలిచే కొలత.) నడకకు కాస్త తక్కువ, ఎక్కుడుకు ఎక్కువ. 60 కిలోల మనిషికి 40 కిలోమీటర్లకు 2,400 కేలరీలు అనుకోండి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. అంటే మామూలు రోజు తినే తిండి పైన ఇంకో 700 గ్రాముల బియ్యం కావాలి. కర్నూలు సోనా అయినా రేషన్ బియ్యమైనా లెక్క ఒకటే.

ఒంట్లో నిల్వ లేదా? ఉంది. కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం దాచుకున్న రూపంలో 1,600 నుంచి 2,000 కేలరీల దాకా ఉంటుంది. దీన్ని గ్లైకోజెన్ అంటారు. గట్టిగా పరుగెత్తే 60 కిలోల మనిషికి ఇది ముప్పై కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. దూరపు పరుగుల్లో అక్కడే చాలామంది కూలబడిపోతారు. నెమ్మదిగా వెళ్తే ఒళ్లు కొవ్వును ఎక్కువగా కరిగించుకుంటుంది కనుక ఈ నిల్వ ఎక్కువసేపు ఉంటుంది. పెద్దవాళ్లు నిదానంగా నడవమనేది ఇందుకే.

దారిలో గంటకు 60 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి పోతే మంచిది. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు. రెండు చిన్న బెల్లం ముక్కల్లో 40 గ్రాముల దగ్గర. ఈ రెండూ కలిస్తే గంటకు సరిపడ్డట్టే. కొండ పరుగుల శిబిరాల్లో సూపు, రొట్టె, ఉడికించిన ఆలుగడ్డ, పండ్లు పెడతారు. మన శిబిరాల్లో అన్నం, సాంబారు, బొరుగులు, బుడ్డలు, బెల్లం ఉంటాయి. కడుపుకు అలవాటైన తిండే దూరపు దారిలో మంచి తిండి.

నీళ్లు ఎంత? ఎక్కువ తాగితే మంచిదేనా?

మార్చి, ఏప్రిల్ నెలల్లో నంద్యాల ప్రాంతపు ఎండ నలభై డిగ్రీలు కూడా దాటుతుంది. అలాంటి రోజున నడిచే మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు కావాలి. పన్నెండు గంటలకు దాదాపు ఏడు లీటర్లు. ఇంట్లో ఉండే 20 లీటర్ల నీళ్ల క్యానులో మూడో వంతు. దాన్ని వీపున మోస్తూ నడవాలంటే మొదటి అడుగు నుంచే ఏడు కిలోల బరువు. అందుకే పరుగెత్తేవాళ్లు లీటరున్నర, రెండు లీటర్లకు మించి మోయరు. మిగతా ఐదు లీటర్లు దారిలో ఎవరో ఒకరు ఇవ్వాలి. ఈ ఒక్క లెక్క చాలు, ఇది ఒంటరిగా చేసే పని కాదని తెలియడానికి.

ఎంత తాగితే అంత మంచిదన్నది మాత్రం నిజం కాదు. చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లే గంటల తరబడి తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, తికమక, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా వస్తాయి. ముందుజాగ్రత్త ఖరీదైనది కాదు. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, లేదా ఓఆర్ఎస్ పొట్లం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలతలో లీటరు ఓఆర్ఎస్‌కు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటాయి. పెద్ద పొట్లానికి ఒక లీటరు నీళ్లు, సరిగ్గా అంతే కలపాలి. ఎండలో మజ్జిగ పంచే మనిషి చేసేది మర్యాద మాత్రమే కాదు, వైద్యం కూడా.

ఇప్పుడు అసలు లెక్క: ఎన్ని చేతులు?

ఒక రోజున ఈ దారిలో వెయ్యిమంది నడుస్తున్నారని అనుకుందాం. పండగ రోజుల్లో ఇంతకన్నా చాలా ఎక్కువమంది ఉంటారు. లెక్క సులువుగా ఉండాలని వెయ్యి తీసుకున్నాం, అంతే.

నీళ్లు: మనిషికి ఏడు లీటర్ల చొప్పున 7,000 లీటర్లు. 5,000 లీటర్లు పట్టే ట్రాక్టరు ట్యాంకరు ఒకటిన్నర. అడవిలో ట్రాక్టరు పోలేని చోటికి బిందెలతో, క్యానులతో మోయాలి.

అన్నం: మనిషికి పూటకు 150 గ్రాముల బియ్యం, రెండు పూటలకు 300 గ్రాములు. వెయ్యిమందికి 300 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు పన్నెండు. దానికి తగ్గ పప్పు, కూరగాయలు, నూనె, కట్టెలు లేదా గ్యాసు.

వడ్డన: ఒక్కొక్కరికి ఒక్క నిమిషం చాలనుకున్నా వెయ్యి నిమిషాలు. ఒక్కరే వడ్డిస్తే 16 గంటల 40 నిమిషాలు ఆగకుండా నిలబడాలి. పదిమంది ఉంటే 100 నిమిషాల్లో అయిపోతుంది. రెండు పూటలకు రెండింతలు. వండేవాళ్లు, కడిగేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, కాళ్ల బొబ్బలకు మందు రాసేవాళ్లు, రాత్రి కాపలా ఉండేవాళ్లు దీనికి అదనం.

ఈ పని చేసేవాళ్లలో ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లుంటారు, కర్ణాటక నుంచి బియ్యం, సరుకులు వాహనాల్లో తెచ్చి అన్నదానం చేసే బృందాలుంటాయి, దేవస్థానం, వైద్య సిబ్బంది, అటవీ సిబ్బంది ఉంటారు. భాష రానివాళ్లు కూడా ఒకే పంక్తిలో కూర్చుంటారు. ఉప్పు కావాలో, చారు కావాలో చెప్పుకోవడానికి భాష పెద్దగా అక్కర్లేదు.

ప్రపంచపు లెక్కతో పోల్చి చూద్దాం. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో జరిగే వెస్టర్న్ స్టేట్స్ పరుగు వంద మైళ్లు, గడువు 30 గంటలు. పరుగెత్తనిచ్చేది 369 మందిని. సాయానికి నిలబడే స్వచ్ఛంద సేవకులు 1,500 మందికి పైగా. అంటే పరుగెత్తే ఒక్కొక్కరికి నలుగురు. పతకం ఒక్కరి మెడలో పడుతుంది, దాని వెనక ఎనిమిది చేతులుంటాయి.

పోటీదారుకు పోటీదారు ఎందుకు సాయం చేస్తాడు?

వంద మీటర్ల పరుగులో పక్కవాడితో మాట్లాడే తీరిక ఉండదు. ముప్పై గంటల పరుగులో ఉంటుంది. ఈ దారుల్లో సరైన వేగానికి గుర్తు ఏమిటంటే, రొప్పకుండా మాట్లాడగలగడం. అందుకే అపరిచితులు గంటల కొద్దీ కబుర్లు చెప్పుకుంటూ పోతారు. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా దీపం వెలుగులో నడిచేవాడికి ముందో వెనకో ఇంకో దీపం కనిపించడమే ధైర్యం.

రెండో కారణం భద్రత. కొండ పరుగుల నియమాల్లో ఆపదలో ఉన్నవాళ్లకు సాయం చేసి తీరాలన్న నిబంధన సాధారణం. పక్కవాడు పడిపోతే దాటి పోకూడదు. ఈల, తలకు కట్టుకునే దీపం, చలిని ఆపే పలచని దుప్పటి తప్పనిసరిగా వెంట ఉండాలంటారు. సాయం వచ్చేదాకా నిలబడగలగాలన్నది ఉద్దేశం. కొన్ని పరుగుల్లో చివరి దూరాలకు ఒక తోడును వెంట తీసుకోనిస్తారు. ఆ తోడును పేసర్ అంటారు. పేసర్‌కు పతకం ఉండదు, పేరు ఫలితాల్లో రాదు. అర్ధరాత్రి ఇంకొకరి కోసం ముప్పై నలభై మైళ్లు పరుగెత్తడమే అతని పని.

మూడో కారణం ఇంకా లోతైనది. ఇందులో పదిమందికి తప్ప మిగతావాళ్లకు గెలుపు ప్రశ్నే లేదు. వాళ్ల పోరు దూరంతో, గడువుతో. పక్కవాడు గడువు లోపల వస్తే తనకు పోయేదేమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం 1921లో దక్షిణాఫ్రికాలో మొదలైన కామ్రేడ్స్ పరుగు ఈ భావం మీదే నడుస్తోంది. మొదటి ఏడు 34 మంది బయల్దేరితే 16 మంది ముగించారు. ఇప్పుడు వేలమంది డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 90 కిలోమీటర్లు 12 గంటల గడువులో పరుగెత్తుతారు.

చివరివాళ్లకు చప్పట్లెందుకు?

వెస్టర్న్ స్టేట్స్‌లో ఎక్కువమంది జనం చేరేది గెలిచినవాడు వచ్చేటప్పుడు కాదు, 29వ గంట దాటాక. 2015లో గన్‌హిల్డ్ స్వాన్సన్ అనే 70 ఏళ్ల అమ్మమ్మ 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లకు గీత దాటింది. మిగిలింది ఆరే సెకన్లు. ఆ ఏడు గెలిచిన రాబ్ క్రార్ అప్పటికి 15 గంటల ముందే పరుగు ముగించాడు. చివరి మైలులో అతను కాళ్లకు హవాయి చెప్పులతోనే వచ్చి ఆమె పక్కన పరుగెత్తాడు. మొదటివాడు చివరి మనిషి కోసం తిరిగి రావడం ఈ ఆటలో వింతగా ఎవరూ చూడరు.

మన దారిలోనూ ఇదే తీరు. భీముని కొలను నుంచి కైలాసద్వారం దాకా నిటారు మెట్లెక్కడం ఈ నడకలోకెల్లా కష్టమైన భాగం. అప్పటికి ముప్పై కిలోమీటర్లు దాటి ఉంటాయి, ఒంట్లో నిల్వ బాగా తగ్గిపోయి ఉంటుంది. అక్కడ శివనామం ఒకరు అందుకుంటే పదిమంది పలుకుతారు. ముసలివాళ్ల సంచి కుర్రవాళ్ల భుజానికి మారుతుంది. ఎక్కలేక కూర్చున్నవాళ్ల దగ్గర ఎవరో ఒకరు ఆగుతారు. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరుతో శ్రీశైలానికి ఏకంగా ఒక భాగమే ఇచ్చాడు. ఈ కొండకు గుంపులుగా నడిచే అలవాటు మన సాహిత్యమంత పాతది.

ఈ అడవి ఎవరిది?

ఇది మరిచిపోకూడని ప్రశ్న. ఈ దారి పోయేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో. దేశంలో అన్నింటికన్నా పెద్ద పులుల అభయారణ్యం ఇది. అందుకే బాటను ఏడాది పొడుగునా తెరవరు. పండగ రోజుల్లోనే అటవీ శాఖ అనుమతిస్తుంది. మామూలు రోజుల్లో సరదాకు పరుగెత్తడానికి లోపలికి పోవడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా.

దారి మధ్యలో నాగలూటి, పెచ్చెరువు లాంటి చోట్ల చెంచు గూడేలున్నాయి. ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ తెగగా గుర్తించిన చెంచులకు ఈ అడవి ఇల్లు, మల్లన్న వాళ్ల ఇంటి అల్లుడు. నడిచే మనం ఒకటి రెండు రోజుల చుట్టాలం. మనం వెనక వదిలిన చెత్త మధ్య ఏడాదంతా బతికేది వాళ్లు, జంతువులు.

దీనికీ అంకె ఉంది. వెయ్యిమంది తలా ఏడు లీటర్లు లీటరు సీసాల్లో తాగితే ఏడువేల ప్లాస్టిక్ సీసాలు. తలా ఒక స్టీలు సీసా తెచ్చుకుంటే సున్నా. కొండ పరుగుల్లో చాలావాటిలో ఇప్పుడు వాడి పారేసే కప్పులివ్వరు, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. మన అడవిలోనూ ప్లాస్టిక్ వద్దన్నది నియమం. శిబిరం పెట్టేవాళ్లు విస్తరాకులు వాడి, వాటినీ ఒక్కచోట పోగుచేస్తే నియమం ఆచరణ అవుతుంది.

నడవాలనుకునేవాళ్లు ఏం చేయాలి?

కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. వారానికి నాలుగు రోజులు నడక, అందులో ఒక రోజు పొడుగు నడక. ఆ పొడుగు నడకను పది కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు కిలోమీటర్లు పెంచుకుంటూ పాతిక, ముప్పై దాకా తీసుకెళ్లండి. పొలం గట్ల మీద, కాలువ కట్టల మీద నడిస్తే చీలమండలు గట్టిపడతాయి. చదును సిమెంటు రోడ్డు మీది నడక అడవి రాళ్లకు సరిపోదు.

కొత్త చెప్పులు, కొత్త బూట్లు దారిలో మొదటిసారి తొడగకండి. గంటల నడకలో పాదం ఉబ్బుతుంది కనుక కాస్త వదులుగా ఉండాలి. బొబ్బ రాబోతున్న మంట తెలిసిన వెంటనే ఆగి, తుడుచుకుని, ప్లాస్టరు వేయండి. ఐదు నిమిషాల ఆలస్యం ఐదు గంటల బాధను తప్పిస్తుంది.

నొప్పి బిళ్లలు వేసుకుని నడక సాగించకండి. నీళ్లు తక్కువైన ఒంట్లో కొన్ని రకాల నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే ఆఖరి హెచ్చరిక, వెంటనే వైద్య శిబిరానికి వెళ్లాలి. ఎండలో ఒళ్లు కాలుతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా చల్లబరుస్తూ వైద్యుల కోసం కబురు పంపాలి. గుండెజబ్బు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. ఎవరైనా ఒంటరిగా కాక జట్టుగా నడవాలి. జట్టు వేగం అందులో అందరికన్నా నెమ్మదైన మనిషి వేగం కావాలి.

నడవలేనివాళ్ల సంగతి?

నందికొట్కూరు, పగిడ్యాల, ఆత్మకూరు చుట్టుపక్కల ఉండేవాళ్లలో ఎక్కువమంది ఈ దారి ఎప్పుడూ నడవకపోవచ్చు. కానీ లెక్క వాళ్లకు కూడా వర్తిస్తుంది. ఒక ఇంటివాళ్లు రోడ్డు పక్కన రెండు 20 లీటర్ల క్యానుల నీళ్లు, ఒక బిందెడు ఉప్పు మజ్జిగ పెడితే యాభై అరవై మందికి ఒక గంట నడక సాగుతుంది. పది ఇళ్లు పూనుకుంటే అయిదారు వందల మంది. ఖర్చు ఇంటికి కాస్త డబ్బు, ఒక పూట తీరిక.

దూరపు దారిని కొలిచేటప్పుడు గెలిచినవాడి సమయం అడుగుతాం, నడిచినవాళ్ల సంఖ్య అడుగుతాం. దారి పక్కన నిలబడినవాళ్లు ఎంతమందో కూడా అడగాలి. వాళ్ల సంఖ్య పెరిగిన ఏడాది వడదెబ్బలు తగ్గుతాయి, వెనక్కి తిరిగే ముసలివాళ్లు తగ్గుతారు, అడవిలో సీసాలు తగ్గుతాయి. ఈ ఉగాదికి ఆ వరసలో మీ ఇంటి నుంచి ఒక్కరు నిలబడితే, కొండెక్కే ప్రతి ఒక్కరి వెనకా ఉండవలసిన నలుగురిలో ఒకరు మీరే.